సామకొత్త ఆగిన ఏడు

డెబ్భై ఆరులో మా గెడ్డ పొంగింది శ్రావణం ఆఖరి ఆదివారం, మిట్టమధ్యాహ్నం. అప్పటికి మూడు రోజులుగా ముసురు పట్టి ఉంది. మా అయ్య అరుగు మీద కూర్చుని వెదురు చీలుస్తున్నాడు. పైకొండ మీద ఏదో కూలిన చప్పుడయింది. కాసేపటికి గెడ్డలో నీళ్లు తగ్గాయి. ఇంత ముసురులో గెడ్డ తగ్గడమేమిటని అమ్మ నవ్వింది. అయ్య నవ్వలేదు. కత్తి పక్కన పెట్టి లేచి, అందరినీ కొండెక్కమని కేకేశాడు.

పైన కొండచరియ విరిగి గెడ్డకు అడ్డంగా పడిందనీ, నీళ్లు దాని వెనక నిలుస్తున్నాయనీ ఆయనకు ఆ చప్పుడుతోనే తెలిసిపోయింది. మేం సామచేల దాకా ఎక్కేసరికి ఆ కట్ట తెగింది. సుంకిపుట్టులో అప్పుడు ఇరవై మూడు ఇళ్లు. పద్నాలుగు పోయాయి. మేక తాడు విప్పడానికి వెనక్కి వెళ్లిన యర్రమ్మ పోయింది. ఎడ్లు తొమ్మిది పోయాయి. గాదెల్లో మిగిలిన చోళ్లు, ఉప్పు, విత్తనాల మూటలు పోయాయి. గెడ్డ ఒడ్డున మా కొండదేవత జాకరమ్మ తోపు ఉండేది. అమ్మంటే అందులో నిలబెట్టిన రాయి. సాయంత్రం నీళ్లు తీశాక చూస్తే తోపు లేదు. ఆ మేరంతా ఇసక మేట వేసి ఉంది. దాని మధ్యలో ఒక చెట్టు మోడు మిగిలింది.

నాకప్పుడు పన్నెండేళ్లు. మా అయ్య పేరు బుధు. ఆ జాకరమ్మకు ఆయన పూజారి.

మా ఇల్లు గట్టు మీద ఉండబట్టి నిలిచింది. ఇళ్లు పోయిన మూడు కుటుంబాలు మాతో చేరాయి. మా అప్ప, అంటే అక్క, సోములమ్మ తొలికాన్పుకి వచ్చి అప్పటికే ఇంట్లో ఉంది. దాని కొడుక్కి ఇరవై రోజులు. ఒక్క గదిలో పదిహేడుమందిమి. ఎవరు పక్కకు ఒత్తిగిలినా అందరూ ఒత్తిగిలాలి. ఆ వేడికే పిల్లాడు బతికాడని అమ్మ తర్వాత అనేది.

అయిదో రోజున పార్వతీపురం నుంచి సేవా సంఘం వాళ్లు వచ్చారు. పదకొండుమంది. రైలు నడిచినంత మేరా రైల్లో వచ్చి, అక్కడినుంచి బియ్యం మూటలు నెత్తిన పెట్టుకుని పన్నెండు మైళ్లు నడిచారు. వాళ్లకు పెద్ద సత్యకుమారి అనే టీచరు. నలభై ఏళ్లుంటాయి. కుచ్చెళ్లు ఎగదోపి, మగవాళ్ల రబ్బరు చెప్పులు వేసుకుని ఉంది. మిగిలినవాళ్లు కాలేజీ కుర్రాళ్లు. వచ్చిన పూటే ఆవిడ ఇంటింటికీ వెళ్లి ఒకటే అడిగింది, మీకేం కావాలని. అందరూ ఉప్పు అన్నారు. వాళ్లు బియ్యం తెచ్చారు, పాలపొడి డబ్బాలు తెచ్చారు, నీళ్లలో వేసే మందు తెచ్చారు. ఉప్పు తేలేదు. మర్నాడు పొద్దున్నే ఇద్దరు కుర్రాళ్లు పన్నెండు మైళ్లు వెనక్కి నడిచి, ఆ మర్నాడు ఉప్పు మూటతో వచ్చారు. ఆఫీసుల నుంచి వచ్చి అడిగి రాసుకుపోయినవాళ్లను మేం చూశాం. అడిగింది తెచ్చినవాళ్లను చూడటం అదే మొదలు.

పట్నంలో పోగుచేసిన పాతబట్టల మూటలు కూడా వచ్చాయి. మా ఊరికి కబుర్లు మోసే బారికి గాసి. అతనికి ఏ ప్లీడరుదో నల్లకోటు దక్కింది. లోపల చొక్కా లేదు. కింద గోచీ. అలాగే ఊరంతా తిరిగాడు.

"ఏటి గాసీ, కోర్టుకేనా?" అని అమ్మ అడిగింది.

"మరేటి? గెడ్డ మీద కేసెయ్యద్దా?" అన్నాడు గాసి.

వరద తర్వాత మేం నవ్వింది అప్పుడే.

కుర్రాళ్లు మాతో కలిసి ఇళ్లు లేపడం మొదలుపెట్టారు. వాళ్లకు మేకులు కొట్టడం వచ్చు, తీగతో కట్టడం రాదు. అడ్డతీగ తడిపి, మెలిపెట్టి, నిట్రాటకు ఎలా బిగించాలో మా ఊరి ఆడపిల్లలు చూపించేవాళ్లు. కుర్రాళ్లు కట్టిన మొదటి కప్పు మర్నాటికి ఒరిగింది. వాళ్లలో వరహాలరావు అనే అతను కోపిష్టి, పనిమంతుడు. తను కట్టిన ముడి తనే విప్పి, మళ్లీ కట్టి, ఊగిలాడి చూసేవాడు. పనయ్యాక వాళ్లు పాటలు పాడేవాళ్లు. ఆ పాటల్లో మాకు సగం మాటలు తెలియవు. తెలియకుండానే మేమూ పాడేవాళ్లం.

తొమ్మిదో రోజున మళ్లీ వాన పట్టింది. రైలు కట్ట కోసుకుపోయింది. ఘాట్ రోడ్డు మీద బండలు పడ్డాయి. కింద నుంచి బియ్యం రావడానికి పది రోజులు పట్టవచ్చని గాసి కబురు తెచ్చాడు. సత్యకుమారి ఉన్న బియ్యాన్ని నూక చేయించి గంజి కాయించింది. పదమూడో రోజుకి అదీ అయిపోయింది. ఆడవాళ్లం అడవికి వెళ్లి దుంపలు, వెదురు కొమ్ములు తెచ్చేవాళ్లం. ఊళ్లో చంటిపిల్లలు ఆరుగురు. పాలపొడి డబ్బాలు అంతకుముందే ఖాళీ అయ్యాయి. అప్పకు పాలు తగ్గిపోయాయి. పిల్లాడు మొదట గట్టిగా ఏడ్చేవాడు. తర్వాత మెల్లగా ఏడ్చేవాడు. అప్ప వాడి నోటికి వేలు తడిపి పెట్టేది.

ఆ రోజు సత్యకుమారి మా పెరట్లో నిలబడి కొండ వైపు చూసింది. ఏటవాలు మీద సామచేలు పండి వంగి ఉన్నాయి. వరద అంత ఎత్తుకు రాలేదు. ఆవిడ అయ్యను పిలిచింది.

"పూజారీ, ఆ చేలు పండినట్టున్నాయే?"

"పండాయి తల్లీ."

"మరి కొయ్యరేం?"

"సామకొత్త అవనేదు."

మా కొండ మీద పండిన ఏ గింజయినా, ఏ కాయయినా ముందు జాకరమ్మకు పెట్టాలి. దాన్ని కొత్త పండుగంటారు. మామిడికో కొత్త, చిక్కుడుకో కొత్త, సామకో కొత్త. అది అయ్యేదాకా కొడవలి తగలకూడదు, నోట పెట్టకూడదు. ముందుగా తిన్న ఊరికి పులి వస్తుంది. కింది బియ్యం జాకరమ్మ కొండ మీద పండినవి కావు గనక వాటికి అడ్డు లేదు. అయ్య ఇదంతా ఆవిడకు ఓపిగ్గా చెప్పాడు. అయితే ఇవాళే కొత్త చేసెయ్యమంది ఆవిడ.

"ఎవులికి సెయ్యమంటావు?" అన్నాడు అయ్య. "అమ్మ ఇసకలో ఉంది."

వరహాలరావు పక్కనే ఉన్నాడు. కళ్లముందు పంట పెట్టుకుని పిల్లల్ని చంపుకుంటారా అన్నాడు. మీరు కొయ్యకండి, మేమే కోసి, మేమే వండి పిల్లలకు పెడతాం, ఆ పాపమేదో మాకే తగలనీ అన్నాడు. గాసి కోటు గుండీలు పెట్టుకుంటూ విన్నాడు.

"బాబూ, పులికి నీ ఊరి దారి తెల్దు. మా ఊరి దారే తెలుసు."

వరహాలరావు కొడవలి కోసం మా చూరు వెతికాడు. సత్యకుమారి అతన్ని కూర్చోమంది. అతను కూర్చోలేదు గాని వెతకడం ఆపాడు. ఆవిడ మళ్లీ అయ్య వైపు తిరిగి, రోజూ పొద్దున్న అడిగే మాటే అడిగింది.

"మీకేం కావాలి?"

అయ్య ఇసక మేట వైపు చూశాడు. మా అమ్మ వాకిట్లోకి వచ్చి నిలబడింది. అమ్మ చంకలో అప్ప కొడుకు ఉన్నాడు.

"రాయి" అన్నాడు అయ్య.

ఆ పూటే ఇళ్ల పని ఆపేశారు. మోడు దగ్గర నిలబడి అయ్య అడుగులు వేసుకుంటూ చోటు చూపించాడు. మూడు పారలు, రెండు గునపాలు ఉన్నాయి. మిగిలినవాళ్లం తట్టలతో, చేటలతో ఇసక ఎత్తాం. తవ్విన చోటికి నీరు ఊరి, అంచులు జారి, పొద్దుటి గొయ్యి సాయంత్రానికి పూడిపోయేది. కుర్రాళ్లూ మాలాగే దుంపలు తిని తవ్వారు. అరచేతులు బొబ్బలెక్కాయి. అమ్మ ఏదో ఆకు నమిలి వాటి మీద పెట్టి గుడ్డ కట్టేది. చదువుకున్నవాళ్లం రాయి కోసం తవ్వుతున్నామని, ఇది ఇంటి దగ్గర చెబితే ఎవరూ నమ్మరని వరహాలరావు గొణిగేవాడు. అందరికంటే ఎక్కువ తవ్వింది అతనే. సత్యకుమారి తట్ట దించలేదు.

మూడో రోజు మధ్యాహ్నం వరహాలరావు పార రాయికి తగిలింది. అతను పార అవతల పారేసి చేతులతో తోడాడు. నలుగురు కలిసి పైకి తీశారు. రాయి మోకాలెత్తు ఉంది. జాకరమ్మా మోకాలెత్తే. కుర్రాళ్లు కేకలు పెట్టారు. ఊరంతా వచ్చింది. బయటివాళ్లు అమ్మను ముట్టుకున్నారే అని ఎవరో అన్నారు. దొరికిందే ఆ బాబు చేతికైతే తప్పేమిటని గాసి వాళ్ల నోరు మూయించాడు.

ఊరు ఎప్పుడూ చూసింది రాయి ముందు వైపే. ఆ వైపు పసుపూ కుంకుమా అట్టకట్టి ఉండేవి. ఇప్పుడు వరద వాటిని కడిగేసింది. ఏడాదికోసారి రాయిని కదిపి చుట్టూ కడిగేది పూజారి ఒక్కడే. అయ్యకు కొడుకులు లేరు గనక పక్కన నీళ్లు పోసేదాన్ని నేను. రాయి వెనక నా బొటనవేలు పట్టేంత గుంట ఒకటి ఉంది. అందులో నీళ్లు నిలిచేవి. అయ్య వేలితో వాటిని తుడిచేవాడు. ఆ గుంట సంగతి మా ఇద్దరికే తెలుసు.

అయ్య ఇసకలో మోకాళ్ల మీద కూర్చున్నాడు. నన్ను నీళ్లు పొయ్యమన్నాడు. పోశాను. ఆయన చెయ్యి రాయి మీద నుంచి పక్కకు, పక్క నుంచి వెనక్కి వెళ్లి ఆగింది. ఇంకోసారి తిప్పాడు. మళ్లీ పొయ్యమన్నాడు. పోస్తూ వంగి చూశాను. రాయి వెనక నున్నగా ఉంది. నీళ్లు ఎక్కడా నిలవలేదు.

అయ్య తల ఎత్తాడు. అప్ప జనం వెనక నిలబడి ఉంది. భుజం మీద పిల్లాడు కళ్లు మూసుకుని ఉన్నాడు. పొద్దున్నించీ వాడు ఏడవలేదు.

"ఈవిడే" అన్నాడు అయ్య.

వరహాలరావు ఇసకలో కూలబడి రెండు చేతుల్లో ముఖం పెట్టుకున్నాడు. సత్యకుమారి తట్ట బోర్లించి దాని మీద కూర్చుంది. కుండలో మిగిలిన నీళ్లు కూడా నేను రాయి మీద పోసేశాను.

రాయిని మోడు పక్కన నిలబెట్టారు. అయ్య పసుపు రాసి, కుంకుమ పెట్టి, చేత్తో తుంచి తెచ్చిన సామకంకులు ముందుంచి, కోడిని కోసి, మంత్రాలు చదివాడు. గొంతు ఎప్పటిలాగే ఉంది. కొడవళ్లు కొండెక్కాయి. సామలు కాళ్లతో తొక్కి, వేయించి, దంచి, చెరిగి వండేసరికి సాయంత్రమయింది. వేయించిన సామల వాసన తెలిసినవాళ్లకు ఎక్కువ చెప్పక్కర్లేదు. అది ఊరంతా పట్టేసింది. పెద్దవాళ్లు కూడా పిల్లల్లా పొయ్యి చుట్టూ చేరారు. కొత్తలో ముందు పిల్లలు తినాలి, తర్వాత ఆడవాళ్లు, తర్వాత మగవాళ్లు, అందరూ తిన్నాక పూజారి. కుర్రాళ్లను మగవాళ్ల వరసలో కూర్చోబెట్టారు. వరహాలరావు మూడుసార్లు పెట్టించుకున్నాడు. పులి వస్తే ముందు నీ దగ్గరికే వస్తుంది, కండ పట్టావని గాసి అతన్ని ఆట పట్టించాడు. అప్పకు అమ్మ జావలా చేసి గుక్క గుక్కా తాగించింది.

అయ్య వంతు వచ్చేసరికి గాసి డప్పు తెచ్చాడు. అందరూ అటు తిరిగారు. అయ్య ఆకు మడిచి పట్టుకుని ఇంటి వెనక్కి వెళ్లాడు. నేను చూశాను. అన్నం కోళ్లకు వేశాడు.

కడుపులో బాగాలేదని ఆ రోజు ఉడికిన దుంప తిన్నాడు. మర్నాడూ అదే చెప్పాడు. మూడో రోజు నుంచి అమ్మ అడగడం మానేసి దుంపలు వేరే కుండలో ఉడకేసేది.

నాలుగో రోజున అప్పకు పాలు పడ్డాయి. పిల్లాడి ఏడుపు మళ్లీ గట్టిపడింది. ఆ ఏడుపు వినడానికి పక్కిళ్లవాళ్లు వచ్చేవాళ్లు. అయ్య అప్పుడు ఇంట్లో ఉండేవాడు కాదు. ఇసక మేట దగ్గర ఉండేవాడు. పూడిపోయిన గోతుల మధ్య వెదురు కర్రతో పొడిచి చూసేవాడు. ఒకరోజు నేను అక్కడికి వెళ్లాను.

"అయ్యా, ఎనకాల గుంట నేదు" అన్నాను.

ఆయన కర్ర ఇసకలో గుచ్చి నా వైపు తిరిగాడు.

"నువ్వు తిన్నావా?"

"తిన్నాను."

"కడుపు నొప్పెట్టిందా?"

"నేదు."

"పులొచ్చిందా?"

"నేదు."

"మరింకేటి. బేగి ఎల్లి మీ అప్పకి నీళ్లు కాసియ్యి."

వెళ్లాను. గట్టెక్కి చూస్తే ఆయన మళ్లీ కర్రతో పొడుస్తున్నాడు.

తర్వాత రైలు నడిచింది. బియ్యం వచ్చాయి, విత్తనాలు వచ్చాయి, ఉప్పు అడగకుండానే వచ్చింది. సేవా సంఘం వాళ్లు దసరా దాకా ఉండి పద్నాలుగు ఇళ్లూ లేపారు. చివరి ఇంటి కప్పు మొత్తం వరహాలరావు ఒక్కడే అడ్డతీగతో కట్టాడు. గాసి దాన్ని పట్టుకుని ఊగి, పర్లేదు పిల్లనివ్వచ్చు అన్నాడు. వెళ్లే రోజు సత్యకుమారి అందరినీ మళ్లీ అడిగింది, ఇంకేం కావాలని. గాసి కోటులోకి చొక్కా కావాలన్నాడు. ఆవిడ నవ్వుతూ అయ్య దగ్గరికి వచ్చింది.

"ఈ గుంటని తీసుకెల్లు తల్లీ" అన్నాడు అయ్య, నన్ను ముందుకు తోసి. "సదివించు."

అమ్మ చేట కింద పెట్టింది. మా ఊరి నుంచి అప్పటిదాకా ఆడపిల్లని చదువుకి ఎవరూ పంపలేదు. ఈ మాట ఇంట్లో ఒక్కసారి కూడా రాలేదు. అమ్మ అయ్యను ఏదో అడగబోయింది, ఆయన ముఖం చూసి ఆగింది. లోపలికి వెళ్లి నా రెండో గుడ్డ మూట కట్టింది. రైలు దాకా ఆ మూట అయ్యే మోశాడు. నీళ్లు పోసిన మనిషిని ఆయన ఇంట్లో పెట్టుకోలేకపోయాడని కొన్నేళ్లు అనుకున్నాను. అలాంటి రోజు మళ్లీ వస్తే నేను ఆ చోట ఉండకూడదని పంపాడని ఇంకొన్నేళ్లు అనుకున్నాను. ఎందుకు పంపాడో అమ్మకు తెలిసి ఉంటుంది. అమ్మను అడగలేదు.

పార్వతీపురంలో సేవా సంఘం హాస్టల్లో ఉన్నాను. మరుసటి భాద్రపదంలో ఒక మధ్యాహ్నం, అన్నం గంట కొట్టే వేళకు, అయ్య గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. అరకు దాకా నడిచి, రెండుచోట్ల రైళ్లు మారి, రెండు రోజులు ప్రయాణం చేసి వచ్చాడు. భుజం మీద హాస్టలుకని తెచ్చిన అడ్డాకుల కట్టలు రెండు ఉన్నాయి. అప్ప కొడుకు అడుగులేస్తున్నాడని చెప్పాడు. నేను వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను. ఊళ్లో ఆ రోజు సామకొత్త.

"కొత్త ఎవులు సేత్తన్నారు?" అని అడిగాను.

"మీ సిన్నాయన. నాకు బుజం పట్టేసింది. సెయ్యి లెగట్లేదు" అన్నాడు, ఆ భుజం మీది కట్టలు దించుతూ. "నిన్ను సూసిపోదామని వచ్చాను."

"మంచి పని సేసావు" అన్నాను.

సత్యకుమారి ఆయన్ని మా వరసలో నా పక్కన కూర్చోబెట్టింది. వంటావిడ అన్నం వడ్డించి పప్పు పోసింది. అయ్య చెయ్యి కడుక్కుని కూర్చున్నాడు గాని అన్నం మీద చెయ్యి వెయ్యలేదు. నా వైపు వంగి, ఎవరికీ వినిపించకుండా అడిగాడు.

"ఈ బియ్యం పాతవేనా?"

వరదలో తెచ్చిన బియ్యం గురించి ఆయన ఆ మాట అడగలేదు. ఇప్పుడు ఎవరి కొండదైనా, ఎవరి పొలందైనా ఆయనకు ఒకటే అయింది. హాస్టలుకు బియ్యం ఎక్కడి నుంచి వస్తాయో, ఎప్పటివో నాకు తెలియదు.

"పాతవే అయ్యా" అన్నాను.

ఆయన నా ముఖం చూశాడు. చూసి, ముద్ద కలిపాడు. రెండోసారి కూడా పెట్టించుకున్నాడు.

ఆ తర్వాత పదకొండేళ్లు, పోయేదాకా, ఏటా సామకొత్త రోజున నా దగ్గరికే వచ్చాడు. నర్సు ఉద్యోగం వచ్చాక ఏ ఊళ్లో ఉంటే ఆ ఊరు వెతుక్కుంటూ వచ్చేవాడు. అప్పుడు బియ్యం నేనే కొనేదాన్ని. భాద్రపదం వస్తుందనగా దుకాణాలు తిరిగి, రెండేళ్ల నాటి బియ్యం చూసి మరీ కొనేదాన్ని. విస్తరి ముందు ఏటా అదే అడిగేవాడు. పాతవేననేదాన్ని. అది నిజం. అయినా ఆయన ముందు నా ముఖం చూసి, ఆ తర్వాతే ముద్ద కలిపేవాడు.